పనసమాను మీది నాలుగు జాతులు

బల్లకు ఆ చివర అమ్మ, ఈ చివర నేను. ముందు బల్ల తీయాలి. తరువాత నీళ్ళ డ్రమ్ము, దాని వెనక అడ్డంగా నిలిపిన నాగలి, చివరికి గుమ్మానికి కట్టిన పాత చీర. తెల్లవారి మా ఇంటి వాకిలి తెరవడమంటే ఇంత పని. చీకటి పడే వేళకు అవన్నీ మళ్ళీ అదే వరుసలో పెట్టి, బల్లకు వీపు ఆనించి అమ్మ చాప పరుచుకునేది.

మా ఇంటికి తలుపు లేదు. కిందటేడు గాలివానకు వాకిట్లో పనసచెట్టు కూలుతూ కూలుతూ తలుపును ముక్కలు చేసింది. గుమ్మం మాత్రం మిగిలింది. చెక్కల్లోంచి అమ్మ పాత ఇనుప బందులు, గడియ ఏరి, నూనె రాసి, గుడ్డలో చుట్టి అటక మీద దాచింది. మాది ఉద్దానం. ఇక్కడి ఎలుగుబంట్లకు జీడితోట ఏదో, పనసతోట ఏదో, ఇల్లు ఏదో తేడా తెలియదు. తలుపు ఉంటేనే తెలుస్తుంది.

"సెట్టు మన తలుపు తీసీసుకుంది. సెట్టే ఇవ్వాల" అనేది అమ్మ.

మాను ఎండడానికి వేసవంతా ఆగాం. మొదటి వాన పడిన మర్నాడు నాన్న కోతవాళ్ళను పిలిచాడు. వాళ్ళు మాను మీద సున్నపు దారంతో గీత కొట్టి రంపం ఎత్తేసరికి జీపు వచ్చి ఆగింది.

జీపులోంచి మొదట గొడుగు దిగింది, తరువాత పానకాలరావు గారు దిగారు. వెనక ఇనుప గొలుసు మోసుకుంటూ చైనుమాన్ గవరయ్య. గవరయ్య మా పక్క ఊరివాడే. పానకాలరావు గారు కృష్ణా జిల్లా మనిషి. ఆయన గుమ్మం దగ్గరికి వచ్చి, తట్టడానికి చెయ్యెత్తి, తట్టేందుకు ఏమీ కనబడక దగ్గారు. తరువాత మా ఇంటికి వచ్చినప్పుడల్లా దగ్గేవారు.

"సదరు మానును కోయడం తక్షణం నిలుపు చేయవలసింది. ఇందులో కొమ్ము పురుగులున్నట్టు మండలికి సమాచారం అందింది."

"ఉన్నాయి బాబూ" అన్నాడు నాన్న. "వేరు కాడ పుచ్చిపోనాది. పుచ్చుకాడ ఉంటాయి. నడుం గట్టిదే. ఆ పుచ్చు ఒగ్గీసి నడుమే కోత్తాం. మా ఆడదానికి తలుపు కావాల."

"అది వర్గీకరణ పూర్తయ్యాక చూద్దాం, కూర్మయ్యా."

ఆ ఏడు ప్రభుత్వం వారు 'మన మండలం – మన పురుగు' అనే పథకం పెట్టారు. ప్రతి మండలానికీ తనదంటూ ఒక పురుగు ఉండాలి. దాన్ని గుర్తించి, వర్గీకరించి, గర్వపడాలి. ఈ పనికి జీవరాశుల వర్గీకరణ మండలి అని ఒకటి పెట్టారు. పురుగుల చదువు చదివినవాళ్ళ పోస్టులన్నీ ఖాళీగా ఉండటంతో, వర్గీకరణ అనే మాటతో పరిచయం ఉన్నవారెవరైనా దొరుకుతారా అని వెతికారు. పానకాలరావు గారు దొరికారు. ఆయన సర్వే శాఖలో ఉద్యోగమంతా మాగాణి, మెట్ట, బంజరు, పోరంబోకు అని భూములను వర్గీకరించి రిటైరయినవారు. మా మండలం పురుగు ఫైలు మూసేదాకా ఆయన ఉద్యోగం పొడిగించారు.

నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని ఆ ఫైలు రాసే పని నాకిచ్చారు. మా వసారా క్యాంపు ఆఫీసయింది.

ఫారం పాతదే. 'భూమి' అని ఉన్నచోట కొట్టేసి 'పురుగు' అని రాసుకోవాలి. మొదటి పురుగును గవరయ్య పుచ్చులోంచి తీసి మాను మీద పెట్టాడు. నిగనిగలాడే గోధుమరంగు వీపు, తల ముందు జింకకొమ్ముల్లా కొమ్మలు వేసిన రెండు కొమ్ములు. పానకాలరావు గారు కళ్ళజోడు సర్దుకున్నారు.

"రాయమ్మా. సరిహద్దులు. తూర్పు, పనస బెరడు. పడమర, కోతవాళ్ళ సున్నపు గీత. ఉత్తరం, కూర్మయ్య ఇంటి గోడ. దక్షిణం, ఖాళీ. నీటి వసతి, వర్షాధారం."

నేను రాస్తున్నాను. పురుగు నాలుగడుగులు నడిచింది.

"సరిహద్దులు మారాయండీ" అన్నాను.

"సబ్‌డివిజన్ చెయ్యి. ఒకటి బై ఏ."

సాయంత్రానికి అది ఒకటి బై హెచ్ వరకు వెళ్ళి ఎగిరిపోయింది. మర్నాటి నుంచి పురుగులను డబ్బాల్లో పెట్టి రాయడం మొదలుపెట్టాం.

వర్గీకరణకు ఆధారం కొమ్ము పొడవు. బారెడు కొమ్ములున్నవి ఒకటో తరగతి. ఒక మాదిరివి రెండు. పట్టకారు మొనంత ఉన్నవి మూడు. అసలు కొమ్ముల్లేనివి నాలుగోరకం. వాటికి ఏ తరగతీ వర్తించదు కనుక పోరంబోకు. కొలిచేటప్పుడు ఆ పోరంబోకుల్లో ఒకటి గవరయ్య బొటనవేలు పట్టుకుంది. నెత్తురు వచ్చింది.

"పెద్ద కొమ్ములోడు ఊరికే బెదిరిస్తాడు బాబూ" అన్నాడు గవరయ్య వేలు చప్పరించుకుంటూ. "ఈ పోరంబోకుదే పట్టీసింది."

చోళ్ళు చెరుగుతున్న అమ్మ చేట పక్కన పెట్టింది. "అది ఆడది బాబూ. ఆ కొమ్ములోళ్ళు మగోళ్ళు. అన్నీ ఒకటే పురుగు."

పానకాలరావు గారు నొచ్చుకోలేదు. "తెలుసమ్మా. చిన్నప్పుడు తిండి బాగా దొరికితే కొమ్ము పెద్దదవుతుంది, దొరక్కపోతే చిన్నది. ఆ మాటకొస్తే అవి కొమ్ములు కూడా కావు, దవడలు. నేనూ పుస్తకం తెప్పించుకుని చదివాను. కాని ఫారంలో ఆడ, మగ అనే గడి లేదు. భూమికి ఆడా మగా ఉండదు కదా."

"గడి ఎట్టించండి" అన్నాడు నాన్న.

"గడి పెట్టాలంటే ఫారం మార్చాలి. ఫారం మార్చాలంటే, గడి అవసరమైన పురుగు ఒకటి ఉందని ముందు రుజువు కావాలి. ఆ రుజువు ఈ ఫారంలోనే పంపాలి."

అమ్మ నాన్న వైపు చూసింది. "అయితే మా ఇంటాయనకి మీసాలున్నాయి, నాకు నేవు. మేమూ రెండు జాతులేనా బాబూ?"

ఆయన తేలిగ్గా తీసుకోలేదు. పెన్సిలు చెవి మీద నుంచి తీసి మళ్ళీ పెట్టుకున్నారు. "మనుషుల వర్గీకరణ వేరే శాఖ చూస్తుందమ్మా. మా పరిధిలోకి రాదు."

"ఆలకి సెప్పకప్పా" అన్నాడు గవరయ్య అమ్మతో మెల్లగా. "వచ్చీగలరు."

మా ఫైలు పైకి వెళ్ళింది. తక్కిన మండలాలు ఒక్కొక్క పురుగుతో సరిపెట్టుకుంటే మా మండలం ఒక్క మాను మీద నాలుగు జాతులు చూపించింది. మండలి నుంచి అభినందన వచ్చింది. దాని కింద ఆజ్ఞ కూడా వచ్చింది. నేను చదివి వినిపించాను.

"సదరు నాలుగు జాతులకూ వారసులున్నట్టు విడివిడిగా వారసత్వ ధ్రువీకరణ పత్రములు జతపరచిన పిమ్మట మాత్రమే మానును సొంతదారుకు విడుదల చేయవలెను. అంతవరకు ఏ ఒక్క జాతియు వేరొక జాతితో కలియకుండ తగు జాగ్రత్త వహించవలెను."

అమ్మకు మొదటి సగమే వినబడింది. "పిల్లలు పుడితే మాను ఇచ్చెత్తారా?"

"ఇచ్చేస్తారమ్మా" అన్నారు పానకాలరావు గారు.

"మరి ఆటిని కలిపీండి."

"రెండో వాక్యం కలపొద్దంటోంది."

"కలపకపోతే పిల్లలెలగ పుడతారు బాబూ?"

"అదే పైకి రాశాం. సమాధానం రావాలి."

నాలుగు జాతులను నాలుగు పెట్టెల్లో పెట్టి, ఒకదాని గాలి ఒకదానికి సోకకుండా మా ఇంటి నాలుగు మూలల్లో ఉంచారు. పెట్టెలో ఇంత పుచ్చుకర్ర, ఇంత అరటిపండు. ఒకటో తరగతి దేవుడి మూల, రెండో తరగతి బియ్యం డబ్బా పక్కన, మూడోది నాన్న మంచం కింద. పోరంబోకు పెట్టె పొయ్యి దగ్గరికి వచ్చింది. ఆ పెట్టె దగ్గర అమ్మ రోజూ కాసేపు కూర్చునేది. "ఏటే, నీకూ నాకూ ఈ మూలేనా" అనేది. ఒకటో తరగతి వాళ్ళు పగలంతా ఒకరి నడుము ఒకరు పట్టుకుని ఎత్తి పడేసుకునేవారు. పిల్లలు మాత్రం పుట్టలేదు.

వారం వారం వెళ్ళే నివేదికలో నేను 'వారసులు: లేరు' అని నాలుగుసార్లు గుండ్రంగా రాసేదాన్ని. పైనుంచి సమాధానం వచ్చింది. సదరు జాతులలో సంతానోత్పత్తి పట్ల అవగాహన కొరవడినట్లు తోచుచున్నది గనుక అవగాహన సదస్సు నిర్వహించవలెను. పానకాలరావు గారు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి, దేవుడి మూల పెట్టె ముందు నిలబడి సర్క్యులర్ చదివారు. తరువాత బియ్యం డబ్బా పక్కన చదివారు. నాన్న మంచం కింద పెట్టె కోసం మోకాళ్ళ మీద కూర్చుని చదివారు. పొయ్యి దగ్గర పొగలో చదివారు. జాతులు కలవకూడదు కనుక ఒకే సభ పెట్టడానికి వీలు లేదు. హాజరైనవారి తరఫున గవరయ్య వేలిముద్రలు వేశాడు.

అభ్యంతరాలుంటే తెలుపవలసిందని మాను మీద నోటీసు కూడా అంటించారు. దాన్ని మేక తినేసింది. అభ్యంతరాలు రాలేదని రాసుకున్నాం.

ఈ లోపల వానలు ముదిరాయి. జల్లు కొడితే పాత చీర తడిసి ఇంట్లోకి కారేది. అమ్మ కళ్ళ కింద నల్లగా వచ్చింది. కుక్క మొరిగినా, జీడాకు కదిలినా లేచి కూర్చునేది. పగలు చోళ్ళు చెరుగుతూ చేట మీదికి తూలేది.

ఒకరోజు పొద్దున పానకాలరావు గారు వచ్చేసరికి మా బల్ల వాకిట్లో తిరగబడి ఉంది. డ్రమ్ము దొర్లిపోయి ఉంది. గుమ్మం మీద గోళ్ళ గీతలు. నాన్న నిచ్చెన పట్టుకుంటే అటక మీద నుంచి అమ్మ దిగుతోంది. నేను అంతకు ముందే దిగాను.

"ఎలుగు వచ్చిందా?" అన్నారాయన. దగ్గడం మరిచిపోయారు.

"బెల్లం కుండ తినీసి, అరటిపళ్ళ కోసమని మీ పెట్టెలన్నీ బోర్లించీసి ఎల్లిపోనాది" అంది అమ్మ. "ఇప్పుడైనా తలుపుకి సెలవిప్పించండి బాబూ. ఈసారి బెల్లం ఉండదు, మేమే ఉంటాం."

ఆయన గోళ్ళ గీతల మీద చెయ్యి పెట్టి చాలాసేపు చూశారు. "ఎలుగుబంటి వేరే శాఖ కిందికి వస్తుందమ్మా" అన్నారు చివరికి. ఆ మాట అనేటప్పుడు ఆయన అమ్మ వైపు చూడలేదు. వెళ్ళేటప్పుడు తన సర్వే కర్ర ఇచ్చి, బల్లకు దన్నుగా పెట్టుకోమన్నారు. అది ప్రభుత్వ ఆస్తి కనుక రోజూ పొద్దున్నే తిరిగి అప్పగించి సాయంత్రం మళ్ళీ తీసుకోవాలన్నారు. అలాగే చేశాం.

పురుగులు మాత్రం నాలుగు పెట్టెలవీ ఒక్కచోట చేరాయి. పొయ్యి దగ్గర, అరటితొక్క కింద. ఒకటో తరగతీ పోరంబోకూ ఏ స్థితిలో ఉన్నాయో చూసి పానకాలరావు గారు నన్ను అటు తిరగమన్నారు.

"మనం ఎట్టిన సభకి ఒక్కడూ రాలేదు" అన్నాడు గవరయ్య. "ఎలుగు ఎట్టిన సభకి అందరూ వచ్చీసినారు."

వాటిని మళ్ళీ ఎవరి పెట్టెలో వాళ్ళను పెట్టాం. దొరకనివి మానులోకి పోయాయి. కొన్ని వారాలు గడిచాక ఒక మధ్యాహ్నం అమ్మ పనసాకు దొన్నెలో ఏదో పట్టుకుని వసారాలోకి వచ్చింది. దొన్నెలో పుచ్చుపొడి, పొడిలో వంకర తిరిగిన తెల్లటి పిల్లపురుగులు. అమ్మ ముఖం అంత వెలుగుగా చూసి ఏడాదయింది.

"బాబూ, వారసులు."

పానకాలరావు గారు కూడా లేచి నిలబడ్డారు. "శుభం. గవరయ్యా, స్కేలు." ఒక్కొక్కదాన్నీ అరచేతిలోకి తీసుకుని చూశారు. చూస్తున్నకొద్దీ ఆయన ముఖం ఫారంలా అయిపోయింది. "కొమ్ములేవి?"

"పసిగుంటలకి కొమ్ములేటి బాబూ. ఎదిగితే వత్తాయి."

"ఎదిగాక వస్తాయని ఇవాళ రాయలేనమ్మా. సర్వే అంటే కొలిచిన రోజు ఉన్నది రాయడం. రాయమ్మా నీలవేణీ. కొమ్ములు లేవు. అన్నీ పోరంబోకు."

నేను రాశాను. దాంతో పోరంబోకు జాతికి వారసులున్నట్టు తేలింది. తక్కిన మూడు జాతులు నిర్వంశం. అంతటితో అయిపోతే బాగుండేది. పోరంబోకు నివాసం పోరంబోకే కనుక, పోరంబోకు ప్రభుత్వానిదే కనుక, పనసమాను ప్రభుత్వ ఆస్తి అయింది. పదిహేను రోజుల్లో నాన్నకు నోటీసు వచ్చింది. అది కూడా నేను రాసిందే. 'ప్రభుత్వ మానుకు ఆనుకొని మీరు గోడ కట్టి ఆక్రమించినట్లు తెలియవచ్చినది.'

"గోడ మా తాత కట్టినాడు" అన్నాడు నాన్న. "సెట్టు నిరుడు పడిపోనాది. గోడ ఎల్లి సెట్టుని ఆక్రమించిందేటి?"

"ఏది ముందు వచ్చిందనే గడి కూడా లేదు, కూర్మయ్యా" అన్నారు పానకాలరావు గారు. ఆయన గొంతు నీరసంగా ఉంది.

అమ్మ చేట ముందుకు లాక్కుని చోళ్ళు చెరిగింది. సాయంత్రం సర్వే కర్ర అడిగి తీసుకుంది.

ఆ తరువాత కమిషనర్ గారు తనిఖీకి వస్తున్నట్టు కబురు వచ్చింది. తనిఖీ నాటికి రక్షిత ప్రాంతంలో బోర్డు ఉండాలి. ఏడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, రెండంగుళాల మందం, స్థానికంగా దొరికే గట్టి కలప. అది ఎల్లప్పుడూ నిటారుగా, ఆవరణ ప్రవేశం వద్ద, వచ్చేపోయేవారికి కనబడేలా ఉండవలెను. స్థానికంగా దొరికే గట్టి కలప ఏదని పానకాలరావు గారు చుట్టూ చూశారు. తోటల్లో చెట్లన్నీ ఎవరో ఒకరివి. ప్రభుత్వానిది ఒక్క పనసమానే.

నాన్న పిలిచిన కోతవాళ్ళనే పిలిచారు. పాత సున్నపు గీత వానకు చెరిగిపోయింది కనుక కొత్తది కొట్టారు. గీత పడినచోటే పడింది. రంపం ఆడుతున్నంతసేపూ అమ్మ గుమ్మంలో కూర్చుని చూసింది. పసుపుపచ్చటి పలకలు ఒక్కొక్కటే విడివడ్డాయి. పలకలు చేర్చి, వెనక అడ్డకర్రలు కొట్టి, ముందు నున్నగా చిత్రిక పట్టారు. బోర్డుకూ, రెండు నిలువు స్తంభాలకూ మాను నడుమంతా సరిపోయింది. రక్షించవలసిన మానులో రక్షణ బోర్డుకు పోగా మిగిలింది పుచ్చిన మొదలు. పురుగులకు మొదటి నుంచీ కావలసింది అదే.

"పని బాగా సేసినారు" అంది అమ్మ కోతవాళ్ళతో. జానతో బోర్డు వెడల్పు ఓసారి కొలుచుకుని లోపలికి వెళ్ళిపోయింది.

బోర్డు మీద అక్షరాలు నావే. 'ఈ ఆవరణలో నాలుగు విశిష్ట జాతులు నివసించుచున్నవి. ఇచ్చట కలప కొట్టరాదు.' కింద పానకాలరావు గారి పేరు.

కమిషనర్ గారు వచ్చారు. బోర్డు చదివి, దాని పక్కన నిలబడి ఫొటో తీయించుకున్నారు. అప్పటికి కాలం మారింది. పెద్ద పురుగులన్నీ చచ్చిపోయాయి. పెట్టెల్లో డొల్లలు చూపించాం.

"నాలుగు జాతులూ కలిసిమెలిసి ఉండేవా?"

"లేదండీ. వేటికవే" అన్నారు పానకాలరావు గారు.

"వెరీ గుడ్. బోర్డు చెక్కుచెదరకుండా ఉన్నట్టు సంవత్సరాంతాన ఒక ధ్రువీకరణ పంపండి, ఫైలు మూసేద్దాం. దానికేమైనా అయితే రీసర్వే తప్పదు. మీ పొడిగింపు సంగతి కూడా అప్పుడు చూడొచ్చు."

జీపు వెళ్ళాక పానకాలరావు గారు బోర్డు చుట్టూ ఒకసారి తిరిగారు. "మా ఇంటావిడ పోయాక ఊళ్ళో ఇల్లు తాళం వేసి వచ్చానమ్మా" అన్నారు నాతో, సంబంధం లేకుండా. "ఉద్యోగం ఉంటే రోజు గడుస్తుంది."

తుపాను మామూలుగా వచ్చే నెలలోనే వచ్చింది. నిరుటి అంత లేదు. తెల్లారి చూస్తే స్తంభాలు విరిగి బోర్డు వాకిట్లో బురదలో బోర్లా పడి ఉంది. నాన్న కంగారుపడ్డాడు.

"ఆఫీసుకి కబురెట్టీమంటావా? మళ్ళీ మన మీదికి వచ్చీగలదు."

"ఒలే నీలా" అంది అమ్మ. "బోర్డు ఎలగుండాలని రాసినారు?"

"ఎల్లప్పుడూ నిటారుగా, ఆవరణ ప్రవేశం దగ్గర, వచ్చేపోయేవాళ్ళకి కనబడేలా."

"మరింకేటి. ప్రభుత్వం సొమ్ము బురదలో ఒగ్గీడం తప్పు కాదేటి? లేపండి."

ముగ్గురం లేపాం. అమ్మ కడిగి తుడిచింది. అటక మీది గుడ్డమూట దింపి విప్పింది. బందులకు తుప్పు పట్టలేదు. నాన్న అమ్మ ముఖం వంక చూసి సుత్తి కోసం వెళ్ళాడు. గుమ్మంలో అది అంగుళం కూడా అటూ ఇటూ కాకుండా కూర్చుంది. ఆ పూట అమ్మ భోంచేసి, తలుపు మూసి, పట్టపగలు పడుకుని, దీపాలు పెట్టేవేళ దాకా లేవలేదు.

పానకాలరావు గారు రెండు రోజులకు వచ్చారు. చినుకులు పడుతున్నాయి. ఈసారి దగ్గు వినబడలేదు. బయట నిలబడి బోర్డు చదువుకుంటున్నారనుకున్నాను. తరువాత తలుపు తట్టిన చప్పుడయింది.

అమ్మ తీసింది. "రండి బాబూ. తడిసిపోతన్నారు."

ఆయన లోపలికి వచ్చి కూర్చున్నారు. గొడుగు మడిచి కాళ్ళ దగ్గర పెట్టుకున్నారు. జల్లు తలుపుకు కొడుతున్న చప్పుడు వింటూ బందుల వైపు చూశారు. గుమ్మం మీది గోళ్ళ గీతల వైపు చూశారు. అమ్మ టీ ఇచ్చింది. సర్వే కర్రను పమిట చెంగుతో తుడిచి తెచ్చి ఆయన పక్కన నిలబెట్టింది.

"ఇది ఇంక అక్కర్నేదు బాబూ. అప్పసెప్పీసినాను."

ఆయన టీ సగం తాగి సంచిలోంచి కాగితం తీశారు. నేను కలం తెచ్చుకున్నాను.

"రాయమ్మా" అన్నారు. "సంవత్సరాంత ధ్రువీకరణ. సదరు బోర్డు..."

నేను అంతవరకు రాసి ఆగాను. ఆయన మళ్ళీ బందుల వైపు చూశారు. అమ్మ పొయ్యి దగ్గరి నుంచి కదలకుండా ఆయన వైపు చూస్తోంది. నాన్న చేతిలో చుట్ట ఆరిపోయింది.

పానకాలరావు గారు నా చేతిలోంచి కలం తీసుకున్నారు. నేను ఆపిన చోట, ఆయన కోణాల అక్షరాలతో, 'నిటారుగా ఉన్నది' అని రాసి కింద సంతకం పెట్టారు. టీ పూర్తిగా తాగి గ్లాసు కింద పెట్టారు. గొడుగు ఒక చేత, సర్వే కర్ర ఒక చేత పట్టుకుని లేచారు. తలుపు తీసి, బయటికి వెళ్ళి, జల్లు లోపలికి కొట్టకుండా తలుపు దగ్గరగా లాగారు.

అమ్మ వెళ్ళి గడియ వేసింది.